ఉక్కు ఒంటికి కట్టే వెల

సగం మాంసం, సగం యంత్రం అయిన మనిషిని సైబోర్గ్ అంటారు. మరమనిషి వేరు, సైబోర్గ్ వేరు. మరమనిషి మొదటి నుంచీ యంత్రమే. సైబోర్గ్ మాత్రం మనిషిగా పుట్టి, ఒంట్లో కొంత భాగాన్నో, మెదడు తప్ప తక్కినదంతానో యంత్రానికి అప్పగించినవాడు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్రను ఎత్తుకుని, పాచికలు వేస్తూ మాటలతోనే కథ నడుపుకునే ఆటలను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేములు అంటున్నాం. ఆడేవాళ్లలో ఒకరు గేమ్ మాస్టర్. ఊళ్లూ, శత్రువులూ, వానా వరదా అన్నీ ఆ మనిషి నోటి నుంచే వస్తాయి. తక్కినవాళ్ల ముందు ఒక్కో కాగితం ఉంటుంది. పాత్ర బలమెంత, తెలివెంత, జేబులో ఏముందో అంకెల్లో రాసుకునే ఆ కాగితాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. సైబోర్గ్ పాత్రను కల్పించడమంటే ఆ కాగితం మీద ఉక్కు చేతికి చోటు చూపించడం. చోటు చూపించడం తేలికే. దానికి బదులుగా పాత్ర దగ్గర ఏం తీసుకోవాలన్న దగ్గరే చిక్కంతా. ఉక్కు చేయి ఎంత బరువు లేపుతుందన్న సంగతి పాత్రకు పెద్దగా రూపం ఇవ్వదు. ఆ చేతికి ఆట వసూలు చేసే వెల ఏమిటి, అది ఎవరికి చెల్లుతుంది అన్నవే ఇస్తాయి. ఆ వెలను పాత్ర మనసులోంచి కోసుకునే ఆటలకన్నా, లోకానికి బాకీగా రాసిపెట్టే ఆటలు మెరుగైన సైబోర్గులను ఇస్తున్నాయన్నది ఈ వ్యాసం వాదన.

సైబోర్గ్ అన్న మాట 1960లో పుట్టింది. మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆస్ట్రోనాటిక్స్ అనే అమెరికన్ పత్రికలో అంతరిక్షయానం గురించి రాస్తూ ఈ పదాన్ని కూర్చారు. మనిషి ఎక్కడికి వెళ్లినా భూమి వాతావరణాన్ని వెంట మోసుకుపోవడం దండగ, దానికి బదులు ఒంటినే అక్కడి పరిస్థితికి సర్దుబాటు చేయాలన్నది వాళ్ల ఆలోచన. వాళ్లు చూపించిన ఉదాహరణ ఒక తెల్ల ఎలుక: చర్మం కింద చిన్న పంపు అమర్చితే అది మందును కొద్దికొద్దిగా దానంతటదే ఒంట్లోకి వదులుతుంది. ఊపిరి, రక్తపోటు, ఉష్ణోగ్రత లాంటి పనులను యంత్రం చూసుకుంటే మనిషి బుద్ధి చూడటానికీ, ఆలోచించడానికీ తీరికగా ఉంటుందని వాళ్ల ఆశ. అంటే మాట పుట్టిన చోట యంత్రం మనసుకు పనివాడు; మనసును తినేసే జబ్బు అన్న ఊహ అక్కడ లేదు. పావు శతాబ్దం తిరిగేసరికి ఆటల పుస్తకాలు ఇదే మాటకు సరిగ్గా తలకిందుల అర్థం పట్టుకున్నాయి. అలా ఎందుకైందో తెలియాలంటే ఆటల్లో శరీరం అసలు ఎలా ఉండేదో చూడాలి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో శరీరమంటే ఒక అంకె. దాన్ని హిట్ పాయింట్లు అంటారు. కత్తి తగిలితే అంకె తగ్గుతుంది, సున్నాకు వస్తే పాత్ర చస్తుంది. ఎక్కడ తగిలిందన్న ప్రశ్నే లేదు. చేయి అనేదే లేని నియమాల్లో ఉక్కు చేతికి ఏం పని? 1975లో వచ్చిన బ్లాక్‌మూర్ అనుబంధం, 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ దెబ్బ ఏ అవయవానికి తగిలిందో పాచికలతో తేల్చే పద్ధతి పెట్టాయి. సైబోర్గ్ పాత్రకు అసలు పునాది అక్కడ పడిందనవచ్చు, అప్పటికి వాటిలో కత్తులూ బల్లేలే తప్ప తీగలూ మోటార్లూ లేకపోయినా. ఈ మధ్యలోనే, 1976లో, ఎల్డ్రిచ్ విజార్డ్రీ అనే అనుబంధంలో వెక్నా చేయి అనే మాయవస్తువు వచ్చింది. చచ్చిన మాంత్రికుడి చేయి అది. వాడుకోవాలంటే ముందు మన చేయి నరుక్కుని ఆ మోడుకు దాన్ని తగిలించుకోవాలి. శక్తి వస్తుంది, దాంతోపాటు దుర్మార్గమూ ఒంటికి పడుతుంది. విద్యుత్తు లేదు, ఉక్కు లేదు, కానీ పరాయి అవయవం మనిషి స్వభావాన్ని చెడగొడుతుందన్న లెక్క మొత్తం అక్కడే ఉంది. తర్వాత వచ్చిన సైబోర్గ్ ఆటలు ఈ శాపాన్ని సైన్సు భాషలోకి మార్చుకున్నట్టు కనిపిస్తుంది.

ఆ మార్పుకు గట్టి రూపం ఇచ్చినవాడు మైక్ పాండ్‌స్మిత్. ఆర్. టాల్సోరియన్ గేమ్స్ తరఫున 1988లో సైబర్‌పంక్, 1990లో దాని రెండో కూర్పు సైబర్‌పంక్ 2020 వచ్చాయి. అమెరికా పశ్చిమ తీరంలో నైట్ సిటీ అనే కల్పిత నగరం, దాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీలు, వాటి నీడలో బతికే కిరాయి మనుషులు ఆ కథాలోకం. ఇక్కడ శరీరానికి భాగాలున్నాయి. ఒకే దెబ్బలో 8 పాయింట్లకు మించి తగిలితే మాంసపు చేయి తెగిపోతుంది. ఉక్కు చేయి పనిచేయకుండా పోవాలంటే 20, పూర్తిగా ధ్వంసం కావాలంటే 30 పాయింట్లు పడాలి. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూసిన ఆటగాడు ఉక్కు వైపే మొగ్గుతాడు, సందేహం లేదు. అతన్ని ఆపేది హ్యుమానిటీ అనే మరో అంకె. పాత్రకు ఎంపతీ అనే గుణం, అంటే ఎదుటివాళ్ల బాధ పట్టించుకునే శక్తి, ఎంత ఉందో దాన్ని పదితో గుణిస్తే హ్యుమానిటీ వస్తుంది. ఒక ఉక్కు చేయి అమర్చుకుంటే రెండు పాచికలు వేసి అంత మొత్తం దాంట్లోంచి తీసేయాలి. అలా పోయిన ప్రతి పదికీ ఎంపతీ ఒకటి తగ్గుతుంది. సగటున ఒక్కో అమరికకు ఏడు పోతాయనుకుంటే, ఆరు ఎంపతీతో మొదలైన పాత్ర తొమ్మిదో అమరిక దాకా వచ్చేసరికి అరవయ్యీ హరించుకుపోతాయి. సున్నా తగిలితే ఆ పాత్రకు సైబర్‌సైకోసిస్ అనే పిచ్చి పడుతుంది, ఆటగాడి చేతిలోంచి కాగితం గేమ్ మాస్టర్ చేతికి వెళ్లిపోతుంది. ఆటగాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. చావైనా ఆ పాత్రను అతనిదిగానే ఉంచుతుంది.

ఈ నియమం నాటకీయతను కాదనలేం. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథూలూలో మతిస్థిమితం, 1991లో వచ్చిన వాంపైర్: ద మాస్కరేడ్‌లో మానవత్వం ఇలాగే కరిగిపోయే అంకెలు. అంకె తరుగుతున్నకొద్దీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు గుబులు పెరుగుతుంది, పాత్ర తన పతనాన్ని తానే కొనుక్కుంటున్నాడన్న విషాదం వస్తుంది. కానీ రక్తపిశాచి మనుషులను పీల్చి బతకాలి గనక మానవత్వం పోతుందంటే ఒప్పుకోవచ్చు. అక్కడ పోయేది చేసిన పనివల్ల. చేయి అమర్చుకున్నవాడు ఏం తప్పు చేశాడు? ఆస్పత్రి మంచం మీద పడుకున్నాడంతే. తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించకపోవచ్చు. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ జైపూర్ కాలు అమర్చుకుని మళ్లీ నాట్యం చేశారు. ఆమె కథనే సింగీతం శ్రీనివాసరావు 1985లో మయూరిగా తీస్తే ఆమే నటించారు. ఆ సినిమా చూసిన ఎవరికీ కాలు పోయిన మేరకు ఆమె మనసు తరిగిందన్న ఊహ రాదు. సైబర్‌పంక్ నియమాన్ని అక్షరాలా పాటిస్తే మాత్రం ఆమె పేరు మీద పాచికలు వేయాల్సి వస్తుంది. కృత్రిమ అవయవాలతో బతికేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది చిన్న తప్పేమీ కాదు: లోపమున్న ఒళ్లు లోపమున్న మనసుకు గుర్తన్న పాత అపవాదును అంకెలతో మళ్లీ అచ్చు వేసినట్టు.

పాండ్‌స్మిత్ బృందం ఈ విమర్శను పట్టించుకుంది. 2020లో వచ్చిన సైబర్‌పంక్ రెడ్, వైద్యం కోసం, అంటే పోయిన అవయవానికి బదులుగా మామూలు పని మాత్రమే చేసేదాన్ని అమర్చుకుంటే హ్యుమానిటీ పోదని చెప్పింది. మామూలు మనిషిని మించిన శక్తి కోసం కొనే అమరికలకే నష్టం. చికిత్సతో పోయినదాన్ని కొంత తిరిగి పొందవచ్చు, అయితే ఒక్కో అమరికకూ గరిష్ఠ పరిమితే రెండేసి పాయింట్లు, మరీ భారీ యంత్రభాగాలకు నాలుగేసి పాయింట్లు శాశ్వతంగా తగ్గుతుంది. దీంతో లెక్క బాగా మెరుగైంది. అవిటితనం మీద పడ్డ మచ్చ పోయి, అత్యాశ మీదికి మళ్లింది. అయినా ఒక మెలిక మిగిలే ఉంది. బాగు చేయడానికీ పెంచడానికీ మధ్య గీత ఎక్కడుంది? జైపూర్ కాలునే చూడండి. రామచంద్ర శర్మ అనే శిల్పి, పి. కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి 1960ల చివర్లో దాన్ని రూపొందించినప్పుడు, చెప్పులు లేకుండా నడవాలి, గొంతుక్కూర్చోవాలి, బాసిపట్టు వేసుకోవాలి అన్న అవసరాలే కొలతలయ్యాయి. బూటు తొడిగితే తప్ప పనికిరాని పాశ్చాత్యపు కాలు ఈ నేల మీద పొలం వెళ్లే రైతుకు చాలలేదు. అంటే అవయవానికి విలువ కట్టేది చుట్టూ ఉన్న బతుకు. ఆట నియమం కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.

1989లో ఫాసా సంస్థ తెచ్చిన షాడోరన్ ఇదే చిక్కును ఇంకో దారిలో విప్పింది. కంపెనీల రాజ్యంలోకి మాంత్రికులనూ డ్రాగన్లనూ దించిన ఆ లోకంలో ప్రతి పాత్రకూ ఎసెన్స్ అనే ఆరు పాయింట్ల ప్రాణసారం ఉంటుంది. అమరిక పెరిగేకొద్దీ అది తరుగుతుంది, సున్నాకు దిగితే చావే. ఇక్కడ చూడవలసింది ధరల పట్టిక. పూర్తి ఉక్కు చేతికి ఒక్క పాయింటు. నాడులను మెరుపు వేగంతో స్పందించేలా మార్చే వైర్డ్ రిఫ్లెక్సెస్ మూడో మెట్టుకు అయిదు పాయింట్లు. పైకి కనిపించే లోహం కన్నా లోపలి నాడీమండలాన్ని తిరగరాయడమే ఖరీదు. మనిషి ఎక్కడున్నాడన్న ప్రశ్నకు ఈ పట్టిక తన జవాబు చెప్పేసింది. ఎసెన్స్ తగ్గితే పాత్ర క్రూరుడు కానక్కర్లేదు. మంత్రశక్తి తగ్గుతుంది, పైగా అతనికి మంత్రవైద్యం సరిగా పట్టదు. తొలి కూర్పుల్లో స్వస్థత మంత్రానికి చేరాల్సిన లక్ష్యం పదిలోంచి ఎసెన్స్ తీసివేస్తే వచ్చే అంకె: ఒళ్లంతా మాంసమున్నవాడికి నాలుగు, ఒక్క పాయింటే మిగిలినవాడికి తొమ్మిది. ఆరు ముఖాల పాచికతో తొమ్మిది తెచ్చుకోవడం ఎంత కష్టమో వేసినవాళ్లకు తెలుసు. తోటి మాంత్రికుడు ఎంత ఆత్రంగా మంత్రం వేస్తున్నా ఒళ్లు దాన్ని అందుకోలేకపోవడం, నన్నడిగితే, మనసు మొద్దుబారిందని రాసిపెట్టడం కన్నా చక్కని దృశ్యం. వెల ఇద్దరి మధ్య పడింది గనక ఇద్దరికీ ఆడటానికి పని దొరికింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. మానవత్వం, ప్రాణసారం లాంటివి తాత్త్విక ప్రతిపాదనలు కానే కావు, దుకాణానికి పెట్టిన తాళాలు మాత్రమే. ఏదో ఒక పరిమితి లేకపోతే డబ్బున్న ఆటగాడు ఉన్నవన్నీ కొనేసి తక్కినవాళ్ల ఆట చెడగొడతాడు అంటారు నియమాలు రాసేవాళ్లు. పరిమితి కావాలన్నది నిజం. అది మనసు మీదే ఉండాలన్నది మాత్రం నిజం కాదని చెప్పడానికి 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ తెచ్చిన గర్ప్స్ చాలు. అందులో ప్రతి శక్తికీ పాయింట్ల ధర, ప్రతి లోపానికీ పాయింట్ల తగ్గింపు. నాలుగో కూర్పులో ఒక చేయి లేకపోవడం మైనస్ 20. విద్యుత్తు లేకపోతే కుప్పకూలే శరీరం ఉండటం కూడా మైనస్ 20. తరచూ మరమ్మతు అవసరమైతే దానికీ వేరే తగ్గింపు. ఉక్కు ఒళ్లు ఇక్కడ నీతికి లొంగదు, జమాఖర్చుకు లొంగుతుంది. (ఈ సంస్థ గర్ప్స్ సైబర్‌పంక్ పుస్తకం 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ సోదాలో రాతప్రతి దశలోనే జప్తు అయింది. ఆటపుస్తకాన్ని నేరాల కరదీపికగా పొరబడ్డ ఆ ఉదంతం మీద సంస్థ కోర్టుకెక్కి 1993లో నష్టపరిహారం గెలుచుకుంది.) గర్ప్స్ న్యాయమైన త్రాసు అనడంలో సందేహం లేదు. దాని బలహీనత కూడా అదే: ఆట మొదలు కాకముందే బాకీలన్నీ తీరిపోతాయి. మైనస్ 20 కాగితం మీద పడ్డాక, కరెంటు పోయిన రాత్రి వస్తుందా రాదా అన్నది గేమ్ మాస్టర్‌కు గుర్తుండటం మీద ఆధారపడుతుంది.

మెదడు తప్ప మిగతా ఒళ్లంతా యంత్రమైన పాత్రకు వస్తే కష్టం ఇంకో రకం. 1990లో కెవిన్ సియంబీడా పల్లాడియం బుక్స్ ద్వారా తెచ్చిన రిఫ్ట్స్‌లో పూర్తి మార్పిడి పొందిన బోర్గ్ ఒక ఎంచుకోదగ్గ పాత్ర. అక్కడ మెగా డ్యామేజ్ ఒక్క పాయింటు మామూలు దెబ్బ నూరింటికి సమానం. బోర్గ్ ఒంటికి ఉండేది మెగా కొలత. మామూలు తుపాకీ గుండు అతనికి గింజంత. ఇలాంటివాడికి భయమేముంది, భయం లేనివాడి కథ ఎవరికి కావాలి అన్న అభ్యంతరం సహజం. కానీ ఒళ్లు గట్టిపడితే ప్రమాదం పోదు, ఇల్లు మారుతుంది. మాంసం దానంతటదే మానుతుంది. ఉక్కుకు పడ్డ గంటు మెకానిక్ దొరికేదాకా గంటుగానే ఉంటుంది. మనిషి అన్నం ఎక్కడైనా అడుక్కోవచ్చు. విడిభాగం ఒక్క దుకాణంలోనే ఉండొచ్చు. ఇరుకు గది, బరువాగని చెక్క మెట్లు, లోహాన్ని పసిగట్టే ద్వారం, పసిపిల్ల చేయి పట్టుకోవాల్సిన సందర్భం అన్నీ అతనికి ప్రమాదాలే. పూర్తి బోర్గ్ పాత్ర బల్ల మీద విసుగెత్తిస్తే తప్పు పాత్రది కాదు, యుద్ధం తప్ప వేరే సన్నివేశం పెట్టని గేమ్ మాస్టర్‌ది.

యంత్రదేహానికి లోకం నుంచే వెల రాబట్టిన మంచి ఉదాహరణ, విచిత్రంగా, కత్తుల కథల్లోనే దొరుకుతుంది. కీత్ బేకర్ రూపొందించి 2004లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో భాగంగా వచ్చిన ఎబెరాన్‌లో వార్‌ఫోర్జ్డ్ అనే జాతి ఉంది. చెక్కా లోహమూ కలిపి యుద్ధం కోసం తయారుచేసిన సైనికులు. కచ్చితంగా చెప్పాలంటే వీళ్లు సైబోర్గులు కారు, మనిషిగా పుట్టలేదు గనక. అయినా యంత్రదేహంతో మనసున్న పాత్ర ఎలా ఉండాలో వీళ్లనుంచే ఎక్కువ నేర్చుకోవచ్చు. తిండి, నిద్ర, ఊపిరి అక్కర్లేదు. తొలి నియమాల్లో స్వస్థత మంత్రాలు వీళ్లకు సగమే పనిచేస్తాయి. వీళ్ల మనసు మీద ఏ కోతా లేదు. యుద్ధం ముగించిన థ్రోన్‌హోల్డ్ ఒప్పందం వీళ్లను స్వేచ్ఛాజీవులుగా ప్రకటించింది, వీళ్లను పుట్టించే కొలుములను మూసేయమంది. పోరాటానికే చేసిన ఒళ్లు, పోరాటం లేని దేశం, ఇక ముందు పిల్లతరం పుట్టని జాతి. రాత్రి తోటివాళ్లు నిద్రపోతుంటే తెల్లారేదాకా మేలుకుని కూర్చోవడం ఒక్కటే చాలు పాత్రకు. దానికి అంకె అక్కర్లేదు.

2009లో పోస్ట్‌హ్యూమన్ స్టూడియోస్ తెచ్చిన ఎక్లిప్స్ ఫేజ్ ఈ ఆలోచనను కొసదాకా తీసుకెళ్లింది. అందులో మనసును ఈగో అంటారు, ఒంటిని మార్ఫ్ అంటారు. మనసును నకలు తీసి ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దించవచ్చు. పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ దేహం మారుస్తుందన్న మాట విని పెరిగిన మనవాళ్లకు ఇది వింతగా ఉండదు. వింతల్లా బట్టలకు దుకాణం ఉండటమే. భూమి నాశనమైనప్పుడు ఎంతోమంది ఒళ్లు పోగొట్టుకుని మనసు ఒక్కటే దక్కించుకుని పారిపోయారు. వాళ్లలో పేదలకు దొరికినవి కేస్ అనే చవకబారు లోహపు ఒళ్లు. ఇక్కడ ధర తిరగబడింది: మాంసం శ్రీమంతులది, యంత్రం కూలివాళ్లది. లోహపు ముఖంతో తలుపు తట్టినవాడిని తక్కువ చూపు చూడటం ఆ సమాజానికి అలవాటు. కొత్త ఒంట్లోకి దిగినప్పుడు అలవాటు పడటానికీ, అద్దంలో తనను తాను పోల్చుకోవడానికీ పాచికలు వేయాలి. మనసుకు దెబ్బ తగలొచ్చు, కానీ అది లోహం వల్ల కాదు, మార్పు వల్ల. మాంసంలోకి దిగినా అదే పరీక్ష.

ఈ పద్ధతులన్నీ ఒకే పాత్రకు పెట్టి చూస్తే తేడా తేటపడుతుంది. క్రేన్ కింద పడి కుడిచేయి పోయిన రేవు కూలీ ఒకడున్నాడనుకుందాం. సరుకు మోయడానికి ఉక్కు చేయి పెట్టారు. సైబర్‌పంక్ 2020లో అతను రెండు పాచికలు వేసి ఇంట్లోవాళ్ల మీద మమకారం కొంత కోల్పోతాడు. రెడ్‌లో, చేయి మామూలు బరువే మోస్తే ఏమీ పోదు. టన్ను మోస్తే పోతుంది, ఆ టన్ను అతను కోరుకున్నది కాకపోయినా. షాడోరన్‌లో ఎసెన్స్ ఆరు అయిదవుతుంది. గర్ప్స్‌లో చేయి పోయినందుకు రావాల్సిన 20 పాయింట్లు చేయి పెట్టినందుకు చెల్లిపోతాయి. ఎక్లిప్స్ ఫేజ్‌లో చేయి కాదు, ఒళ్లే మార్చేసేవారు, బహుశా అరువు మీద. హామిష్ క్యామరన్ రాసిన ద స్ప్రాల్ అనే ఆట మాత్రం అతని బలం గురించి అడగడానికి ముందు ఇంకోటి అడుగుతుంది: ఈ చేయి కొనడానికి డబ్బెక్కడిది? జవాబులు మూడే. ఏదో కంపెనీ పెట్టించింది, అంటే నువ్వు వాళ్ల సొత్తు. లేదా వాళ్ల దగ్గర కాజేశావు, వాళ్లు వెతుకుతున్నారు. లేదా చవకలో చేయించుకున్నావు, ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. ఏ జవాబు ఎంచుకున్నా ఒక శత్రువో, యజమానో, మెకానికో కథలోకి నడిచొస్తారు. మొదటి జవాబే తీసుకుంటే ఆ కూలీ షిఫ్టు దిగి ఇంటికెళ్లేటప్పుడు చేయి రేవు గేటు దగ్గర లాక్ అయిపోతుందని గేమ్ మాస్టర్ రాసుకోవచ్చు. అప్పుడు మొదటి రోజు ఆట ఏ దోపిడీతోనూ మొదలుపెట్టనక్కర్లేదు. ఎడంచేత్తో తాళం తీయడం చాలు.